పదిసార్లు కొట్టిన గంట

పన్నెండింటికి జీపు బయల్దేరుతుంది. ఇలారియాని ఎక్కించుకుని సలేర్నో జైలుకి తీసుకుపోతుంది. ఇప్పుడు తొమ్మిదిన్నర. ఫిలోమెనా దగ్గర మిగిలినవి రెండున్నర గంటలు, అరిగిపోయిన రెండు మోకాళ్ళు, నిన్నటి టైములు రాసుకున్న నోటుపుస్తకం.

ఆ టైముల్ని రాత్రి ఎన్నిసార్లు చదివిందో ఆవిడకే తెలీదు. పొద్దున లేచి మళ్ళీ చదివింది. ఎటు నుంచి కలిపినా చివరికి ఇలారియా దగ్గరికే వచ్చి ఆగుతున్నాయి. ఇరవై ఆరేళ్ళు పోలీసు ఉద్యోగం చేసి, పైవాళ్ళతో పడక వదిలేసి, ఇప్పుడు మొగుళ్ళ వెనకా పెళ్ళాల వెనకా తిరిగే ప్రైవేటు డిటెక్టివుగా బతుకుతున్న మనిషి ఆవిడ. బుర్ర ఇంతలా గజిబిజి కావడం ఇదే మొదటిసారి.

నిన్న సాయంత్రం ఫోన్ చేసింది ఇలారియా తల్లి అద్దొలొరాతా. చిన్నప్పుడు ఇద్దరూ సాన్ కతాల్దో బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నారు. "ఒసేయ్ ఫిలో, నా కూతురు మనిషిని కొండ మీంచి తోసేసిందంటున్నారే. నాకింకేం తెలీదు, నువ్వు రా," అని పెట్టేసింది. ఫిలోమెనా ఆఖరి బస్సుకి వచ్చేసింది.

జరిగింది ఇదీ. ఇలారియా ఈ తీరం పొడవునా పరదేశీయుల్ని నడిపించే గైడు. ఆరు రోజుల నడక, రోజుకో ఊళ్ళో బస. ఈసారి వచ్చినవాళ్ళు ఐదుగురు జర్మన్లు. నాలుగో రోజు, అంటే నిన్న, పొద్దున ఎనిమిదిన్నరకి సాన్ కతాల్దో నుంచి బయల్దేరారు. అందులో దీటర్ క్రాంజ్ అనే రిటైరైన మేష్టారు నేను పైదారిన ఆగుతూ చూసుకుంటూ వస్తాను, మీరు కిందిదారిన పొండి, తొమ్మిదిన్నరకల్లా ఊట దగ్గర కలుస్తాను అన్నాడు. కలవలేదు. తొమ్మిదీ నలభైకి మిగతా ముగ్గుర్నీ ఊట దగ్గర కూర్చోబెట్టి ఇలారియా ఒక్కతే వెతకడానికి వెళ్ళింది. పదీ ఇరవై ఐదుకి ఒక్కతే తిరిగొచ్చింది. ఈ మధ్యలో నిమ్మతోటలో కాయలు కోస్తున్న అక్కచెల్లెళ్ళిద్దరు ఒక కేక, వెనకే రాళ్ళు దొర్లిన చప్పుడు విన్నారు. పది కొట్టాక, ఖాళీ బుట్ట ఒకటి సగం నిండే లోపు అని చెప్పారు. పావుతక్కువ పదకొండుకి కంచరగాడిదలు తోలే మనిషి లోయలో శవాన్ని చూశాడు. పైదారి మలుపులో ఇలారియా చేతికర్ర పడి ఉంది. ముందురోజు క్రాంజ్ ఆమెతో పోట్లాడి, కంపెనీకి రాసి నీ ఉద్యోగం ఊడబీకిస్తానన్న మాట అందరూ విన్నారు.

మలుపు దాకా తను వెళ్ళనే లేదని, సగం దారిలోనే వెనక్కి తిరిగానని, కర్ర తనే ఇచ్చానని అంటుంది ఇలారియా. ఆయన కర్ర విరిగితే పొద్దున తనది ఇచ్చిందట. ఇస్తుండగా చూసినవాళ్ళు లేరు.

ఇక మిగిలింది ఐదోవాడు. వెర్నర్ లోట్స్, దీటర్‌కి నలభై ఏళ్ళ స్నేహితుడు. కాలికి బొబ్బలెక్కాయని నిన్న నడకకి వెళ్ళలేదు. ఊళ్ళోనే ఉండిపోయాడు.

ఇప్పుడు ఆ లోట్స్ రేవు దగ్గరి హోటల్లో ఫిలోమెనా ఎదురుగా కూర్చుని టీలోకి నిమ్మకాయ కోసుకుంటున్నాడు. సముద్రం హోరుకి కిటికీలన్నీ మూసేశారు. మనిషి సన్నగా, ఎత్తుగా, అరవై ఐదేళ్ళకి ఎండుకట్టెలా గట్టిగా ఉన్నాడు. కుడికాలికి కట్టు. ముప్పై ఏళ్ళుగా సెలవులకి ఈ దేశం వస్తున్నాడట, ఈ ఊరికి మాత్రం ఇదే మొదటిసారి. భాష బాగానే మాట్లాడతాడు.

ఫిలోమెనా చూపు మాత్రం అతని కత్తి మీద ఉంది. పిడికిలంత నిమ్మకాయకి తొక్కతో పాటు తెల్లకండ మొత్తం చెక్కేసి పక్కన పడేస్తున్నాడు. ఈ కొండల్లో నిమ్మకాయ అంటేనే ఆ తెల్లకండ. పైన పసుపు పల్చగా తీసి, కండని ఉప్పద్దుకుని తింటారు. ఆవిడకి పొద్దున్నుంచి కాఫీ కూడా పడలేదు.

"నిన్న పొద్దున ఎక్కడున్నారు?" అంది.

చెప్పాను కదా, ఆ మీసాల పోలీసాయన రాసుకున్నాడు కదా, అన్నాడు లోట్స్. మళ్ళీ చెప్పమంది. తొమ్మిదింటికి చర్చి చౌరస్తాలో కాఫీ హోటల్ బయట కూర్చున్నాడు. పేపరు చదివాడు. కాలు నొప్పిగా ఉంటే కాసేపు చర్చి మెట్ల మీద కాలు చాపుకున్నాడు. మళ్ళీ కుర్చీలోకి వచ్చాడు. పదకొండింటికి గోల మొదలైంది, అప్పుడు తెలిసింది.

కాఫీ హోటల్ యజమానిని ఫిలోమెనా రాత్రే అడిగింది. తొమ్మిదింటికి చూశాడు, పదకొండింటికి చూశాడు. మధ్యలో ఉన్నాడా అంటే, ఉండే ఉంటాడు, కాలు బాగాలేని మనిషి ఎక్కడికి పోతాడు అన్నాడు.

"పదింటికి ఇక్కడే ఉన్నానని అంత గట్టిగా ఎలా చెప్తున్నారు? గడియారం చూసుకున్నారా?"

"చూడలేదు. విన్నాను," అన్నాడు లోట్స్. "పదింటికి నాకు ఫోన్ చేస్తానన్నాడు దీటర్. అందుకే ఎదురుచూస్తూ కూర్చున్నాను. గంట మొదలవగానే వేళ్ళ మీద లెక్కపెట్టాను. పదిసార్లు కొట్టింది. ఫోన్ రాలేదు."

ఫిలోమెనా 'పది' అని రాసుకుంది. కానిస్టేబుల్ అనియెల్లో రాసిన వాంగ్మూలంలోనూ అదే ఉంది. మనిషి అబద్ధమాడుతున్నట్టు లేడు. అదే ఆవిడ చిరాకు.

"యోర్గ్ ఎవరు?"

కత్తి ఆగింది. మొన్న రాత్రి భోజనాల దగ్గర మీరూ ఆయనా గొడవపడ్డారట, ఆ పేరు నాలుగైదుసార్లు వినపడిందట, వడ్డించినావిడ చెప్పింది, అంది ఫిలోమెనా.

"మా ఇద్దరి స్నేహితుడు. పాతికేళ్ళ కిందట ముగ్గురం కలిసి ఒక శిఖరం ఎక్కాం. ఇద్దరం దిగాం." లోట్స్ టీ కలుపుకున్నాడు. "దీటర్‌కి ముసలితనంలో పాత సంగతులు తవ్వే జబ్బు పట్టుకుంది. యోర్గ్ భార్యకి ఉత్తరం రాస్తానన్నాడు. ఎందుకు పాపం ఆవిణ్ణి ఏడిపించడం అన్నాను. అంతే."

అంతే అన్న మాట అవసరం లేనంత గట్టిగా అన్నాడు. కానీ గట్టిగా అన్నంత మాత్రాన చౌరస్తాలో కూర్చున్నవాణ్ణి కొండ మీదికి ఎక్కించలేం కదా. ఫిలోమెనా నోటుపుస్తకం మూసి లేచింది. మోకాళ్ళు రెండూ ఒకేసారి చప్పుడు చేశాయి.

*

రేవు నుంచి ఊళ్ళోకి నాలుగువందల మెట్లు. ఊళ్ళోంచి మలుపు దాకా ఇంకో పాతిక నిమిషాల ఎక్కుడు. కానిస్టేబుల్ అనియెల్లో ముందు నడుస్తూ, ఫిలోమెనక్కా నెమ్మదిగా, అని ప్రతి పదిమెట్లకీ అంటున్నాడు. నెమ్మదిగా కాకపోతే ఎలా నడుస్తాననుకుంటున్నావురా అని ఒకసారి కసిరింది. తర్వాత అంత ఊపిరి కూడా లేకపోయింది.

దారిలో అతని చేత శవం దగ్గర దొరికిన వస్తువుల జాబితా చదివించుకుంది. కళ్ళజోడు, పగిలింది. ఫోను, పగిలింది. మంచినీళ్ళ సీసా. జేబులో ఒక నిమ్మకాయ. ఇలారియా రోజూ పొద్దున్నే ఐదుగురికీ తలా ఒక నిమ్మకాయ ఇస్తుందట, దారిలో దప్పికకి. లోట్స్‌కి కూడా ఇచ్చిందా అని అడిగింది. ఇచ్చిందట. నడవనివాడికి నిమ్మకాయెందుకని అందరూ నవ్వారట.

మలుపు దగ్గర ఇన్‌స్పెక్టర్ బ్రంబిల్లా అప్పటికే ఉన్నాడు. మిలాన్ మనిషి. వచ్చి మూడు నెలలు. ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లు, చేతిలో స్టాప్‌వాచీ. సలేర్నోలో గది, పనుంటేనే ఈ కొండలెక్కుతాడు. చెమట కూడా పట్టలేదు. దాంతో ఫిలోమెనాకి అతని మీద ఉన్న మంట ఇంకాస్త పెరిగింది.

"రండి మేడం. చౌరస్తా నుంచి ఇక్కడికి ఇరవై రెండు నిమిషాలు. ఊట నుంచి ఇక్కడికి పద్దెనిమిది," అన్నాడు వాచీ చూపించి. "మీ అమ్మాయి తొమ్మిదీ నలభైకి బయల్దేరింది. పద్దెనిమిది కలపండి. రెండు నిమిషాల తక్కువ పది. తోసింది, తిరిగెళ్ళింది. పదీ ఇరవై ఐదు. ఇంత చక్కగా లెక్క కుదిరిన కేసు నా సర్వీసులో చూళ్ళేదు."

"అంత చక్కగా కుదిరితే నాకు భయమేస్తుంది ఇన్‌స్పెక్టరు గారూ."

"మీకు భయమేస్తే నేనేం చెయ్యను? అందుకే మీరు ఉద్యోగం వదిలేసి ఉంటారు."

అనియెల్లో సముద్రం వైపు తిరిగి దగ్గాడు. ఫిలోమెనా నేల చూడసాగింది. పైదారి ఇక్కడ రెండడుగుల వెడల్పు. ఎడమన లోయ, కుడిన ఏనుగంత బండ. దారి ఆ బండ చుట్టూ తిరిగి అవతలి లోయ వైపు పోతుంది. అంచున రాళ్ళు లేచిపోయిన గుర్తు తాజాగా ఉంది. పడినవాడు వెనక్కి నడుస్తూ పడ్డాడా, ముందుకి నడుస్తూ పడ్డాడా? మడమ గుర్తు ఉంది, వేళ్ళ గుర్తు లేదు. అంటే ఆయన మొహం బండ వైపుంది. బండ చాటు నుంచి వచ్చినవాళ్ళతో మాట్లాడుతూ వెనక్కి జరిగాడు.

ఆవిడ బండ చుట్టి వెనక్కి వెళ్ళింది. ఈ చోటు ఆవిడకి కొత్త కాదు. చిన్నప్పుడు తనూ అద్దొలొరాతా బడి ఎగ్గొట్టి ఇక్కడే దాక్కునేవాళ్ళు. ఈ బండ వెనక ఊరి గంట వినపడదు. గంట వినపళ్ళేదమ్మా అని ఇంట్లో చెప్తే అది అబద్ధం కాదు. కూర్చోవడానికి అప్పుడున్న రాతి అరుగే ఇప్పుడూ ఉంది. దాని పక్కన పిచ్చిసోంపు మొక్కలు నలిగి ఉన్నాయి. నలిగిన మొక్కల్లో నిమ్మతొక్కలు.

మోకాళ్ళ మీద కూర్చుని చూసింది. మందంగా, తెల్లకండతో సహా చెక్కి పారేసిన తొక్కలు. అంచులు మాత్రమే ఎండాయి, లోపల ఇంకా తడి. నిన్నటివి.

బ్రంబిల్లాని పిలిచి చూపించింది. అతను నవ్వాడు.

"నిమ్మతోటల మధ్య నిమ్మతొక్క దొరికింది. గొప్ప ఆధారం మేడం."

ఇది మావాళ్ళు తిన్నది కాదని చెప్పింది. మావాళ్ళెవరూ కండ పారెయ్యరని చెప్పింది. ఇక్కడ ఎవరో పరదేశి కూర్చుని ఎదురుచూశాడంది. అయితే చచ్చిపోయిన మేష్టారే తిని ఉంటాడన్నాడు బ్రంబిల్లా. ఆయన నిమ్మకాయ ఆయన జేబులోనే ఉందంది. అయితే ఇంకో యాత్రికుడెవడో అన్నాడు, రోజుకి వందమంది పోతారు ఈ దారిన. ఇద్దరూ మాట్లాడుకుంటూ తిరిగి బండ ఇవతలికి వచ్చారు.

అప్పుడే కింద ఊళ్ళో గంట మోగింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఆగిపోయింది.

బ్రంబిల్లా తన వాచీ చూసుకుని తల అడ్డంగా ఊపాడు. "సరిగ్గా పదకొండు. మీ గడియారం ఐదు కొట్టింది. ఇక్కడ ఏదీ సరిగ్గా పనిచెయ్యదు కదా."

ఫిలోమెనాకి ఒళ్ళు మండింది. ఇంత చదువుకున్నవాడివి అడిగి తెలుసుకోకూడదా అంది. అది చెడిపోయిన గడియారం కాదు, పాతకాలపు గడియారం. దాని మొహం మీద ఆరంకెలే ఉంటాయి. ఆరు దాకా కొట్టి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడుతుంది. ఏడింటికి ఒకటి, ఎనిమిదింటికి రెండు. "రోజుకి నాలుగుసార్లు ఆరు కొడుతుంది. మూడొందల ఏళ్ళుగా మాకు అలాగే అలవాటు. మేం లెక్కపెట్టుకోం కూడా, ఐదు వింటే పదకొండని దానంతటదే తెలిసిపోతుంది. అటుపక్క తొర్రెకూపా ఊరివాళ్ళు మాత్రం మా తాతల రోజుల్లో మాతో పంతానికి పన్నెండు కొట్టే గడియారం పెట్టుకున్నారు, అది ఎప్పుడూ మాదాని కన్నా ఐదు నిమిషాలు వెనకే. వాళ్ళ గంట మా ఊళ్ళోకి వినపడకుండా దేవుడు ఈ కొండ అడ్డం పెట్టాడు. నిన్న పదింటికి మా గంట..."

అక్కడ ఆగిపోయింది.

ఏమైందక్కా అన్నాడు అనియెల్లో. ఆవిడ అతని వైపు తిరిగింది. నిన్న పదింటికి మన గంట ఎన్ని కొట్టిందిరా అని అడిగింది. పది, అన్నాడతను వెంటనే. ఎన్ని దెబ్బలురా అంది. అతను నోరు తెరిచి, మూసి, వేళ్ళు ముడిచాడు.

"నాలుగు," అన్నాడు.

"మరి ఆ జర్మనాయన ఎన్ని లెక్కపెట్టానన్నాడు? వేళ్ళ మీద?"

అనియెల్లో మొహం పాలిపోయింది. పది అని తన చేత్తోనే రాశాడు. రాస్తూ అది పదింటి గంటే కదా అనుకున్నాడు. ఫిలోమెనా కూడా పొద్దున అలాగే రాసుకుంది. పుట్టిన ఊరి గంట, చిన్నప్పట్నుంచీ విన్న గంట, ఒక పరాయి మనిషి ఎదురుగా కూర్చుని పదిసార్లు కొట్టిందంటే తల ఊపింది. సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకే అసలు సంగతి తట్టింది. చౌరస్తాలో గంట కిందే కూర్చున్నవాడు పది వినే ఆస్కారమే లేదు. అతను అక్కడ లేడు.

బ్రంబిల్లా ఒప్పుకోలేదు. స్నేహితుడు పోయిన మనిషి, ముసలాయన, తప్పు లెక్కపెట్టి ఉంటాడు, లేదా పదయిందని తెలిసి పది అనేసి ఉంటాడు అన్నాడు. అలాంటి దాంతో జీపు ఆపనన్నాడు. "పన్నెండు దాకా టైముంది. ఈలోపు అతని చేత అబద్ధమని ఒప్పించండి. లేకపోతే అమ్మాయి వెళ్తుంది." అని చకచకా దిగిపోయాడు. పోతూ ఆ తొక్కలు మీరే దాచుకోండి అని ఒక మాట విసిరాడు.

దాచుకోవలసిందే. ఫిలోమెనా మళ్ళీ బండ వెనక్కి వెళ్ళి చేతిరుమాలు పరిచి తొక్కలు ఒక్కొక్కటే ఏరింది. బుర్రలో లెక్కలు తిరుగుతున్నాయి. తొమ్మిదింటికి చౌరస్తాలో కనపడ్డాడు, పదకొండింటికి కనపడ్డాడు, ఎక్కడానికి ఇరవై రెండు, దిగడానికి ఇరవై, కాలికి బొబ్బలు. నిజంగా బొబ్బలేనా? లోయ అవతల ఎక్కడో ఓటి మోత ఒకటి సాగుతోంది. ఆవిడ దాన్ని పట్టించుకోలేదు. రుమాలు ముడేసి జాకెట్ జేబులో పెట్టుకుని, అనియెల్లో భుజం పట్టుకుని దిగడం మొదలుపెట్టింది.

*

చౌరస్తా చేరేసరికి పన్నెండుకి ఐదు నిమిషాలుంది. జీపు ఇంజను ఆడుతోంది. పోలీసు ఠాణా గుమ్మంలో ఇద్దరు పోలీసుల మధ్య ఇలారియా నిలబడి ఉంది. ముప్పై నాలుగేళ్ళ మనిషి, ఒక్క రాత్రిలో పదేళ్ళు పెద్దదైనట్టుంది. అద్దొలొరాతా కూతురి బట్టల సంచి గుండెకి హత్తుకుని జీపు తలుపుకి అడ్డంగా నిలబడింది. చుట్టూ సగం ఊరుంది. మిగతా జర్మన్లు ముగ్గురూ సామానుతో బస్సు కోసం ఒక పక్క నిలబడ్డారు. లోట్స్ గంటస్తంభం కిందే, నిన్నటి కుర్చీలోనే కూర్చున్నాడు. అక్కణ్ణుంచి తలెత్తినా గడియారం మొహం కనపడదు.

"అత్తా," అంది ఇలారియా. ఆ ఒక్క మాటతో ఫిలోమెనా మోకాళ్ళ నొప్పి మర్చిపోయింది.

తిన్నగా లోట్స్ దగ్గరికి వెళ్ళి, ఒక చిన్న సాయం చెయ్యమంది. ఇప్పుడు పన్నెండు కొడుతుంది, నిన్నటిలాగే వేళ్ళ మీద లెక్కపెట్టండి. అతనికి అర్థం కాలేదు. బ్రంబిల్లా చేతులు కట్టుకుని చూస్తున్నాడు. సరేనని చేతులు పైకెత్తాడు లోట్స్.

గంట మోగింది. ఊరంతా నోరు మూసుకుంది. లోట్స్ ఒక్కో దెబ్బకి ఒక్కో వేలు ముడిచాడు. ఐదుతో కుడిచెయ్యి అయిపోయింది. ఆరుకి ఎడమచేతి బొటనవేలు ముడిచాడు. ఏడుకి చూపుడువేలు సిద్ధం చేసుకున్నాడు. ఆ వేలు అలాగే నిలబడిపోయింది. పైన పావురాళ్ళు తిరిగి స్తంభం మీద వాలాయి. ఇంకే చప్పుడూ లేదు.

"మిగతా ఆరూ ఏవి?" అన్నాడు నెమ్మదిగా.

రావు, అంది ఫిలోమెనా. ఈ ఊళ్ళో ఆరు దాటి ఎప్పుడూ కొట్టదు. నిన్న పదింటికి నాలుగే కొట్టింది. చెప్పి అతని మొహంలోకి చూసింది. ఇలాంటప్పుడు అబద్ధమాడినవాడు వెనక్కి తగ్గుతాడు. సరిగ్గా వినలేదేమో, మర్చిపోయానేమో, ఊరికే అన్నానేమో అంటాడు. ఎన్ని వందలమందిని చూసిందో.

లోట్స్ తగ్గలేదు. లేచి నిలబడ్డాడు. మొహం ఎర్రబడింది.

"నేను పది విన్నాను. మీ గడియారం ఎలా పనిచేస్తుందో నాకు తెలీదు. నిన్న పదిసార్లు కొట్టింది. నా తల్లి మీద ఒట్టు."

ఈ మనిషి నిజం చెప్తున్నాడు. గొంతు, కళ్ళు, ఆ కోపం, అన్నీ నిజం. వినడానికి వీల్లేనిది విన్నానంటున్నాడు, నిజంగానే విన్నాడు. బ్రంబిల్లా ఇక చాలన్నట్టు చెయ్యి ఊపాడు. చూశారా, పాపం పెద్దాయన మతి చెదిరి ఉన్నాడు, దీన్ని పట్టుకుని మీరు, అని ఇలారియా వైపు తిరిగి ఎక్కించమన్నాడు. ఒక పోలీసు అద్దొలొరాతాని పక్కకి జరిపాడు. సంచి చేజారి బట్టలు రాళ్ళ మీద పడ్డాయి.

ఫిలోమెనాకి ఏం చెయ్యాలో తోచలేదు. తోచక, కేవలం ఇంకో నిమిషం ఆపడానికి, నోటికొచ్చింది అడిగింది.

"ఎలా మోగిందండీ ఆ గంట? ఇప్పుడు విన్నట్టేనా?"

లోట్స్ ఆలోచించాడు. నిజం చెప్పడానికి ఎంత కష్టపడుతున్నాడో నుదుటి మీద కనపడుతోంది. "కాదు," అన్నాడు. "ఇది నిండుగా ఉంది. నిన్నటిది పగిలినట్టుంది. చిల్లిబిందె మీద కొట్టినట్టు."

కాఫీ హోటల్ యజమాని గ్లాసు తుడవడం ఆపాడు. నిమ్మతోట అక్కచెల్లెళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వంగి బట్టలేరుతున్న అద్దొలొరాతా అలాగే తలెత్తి ఫిలోమెనా వైపు చూసింది. చిన్నప్పుడు బండ వెనక కూర్చుని ఆ చిల్లిబిందె మోతని ఇద్దరూ ఎంత వెక్కిరించేవాళ్ళో. పిడుగు పడి బీటిచ్చినా కొత్త గంట పోయించుకోలేని తొర్రెకూపావాళ్ళు. అనియెల్లో, "అది మన..." అన్నాడు. ఫిలోమెనా అతని కాలు గట్టిగా తొక్కింది.

సరే, మీ మాటే నిజమనుకుందాం, రాసిచ్చెయ్యండి అంది లోట్స్‌తో, ఎంత మామూలుగా అనగలదో అంత మామూలుగా. నోటుపుస్తకం తీసి అతని ముందు పెట్టింది. నిన్న పదింటికి పదిసార్లు విన్నాను, లెక్కపెట్టాను, పగిలిన మోత, ఎవరూ చెప్పగా కాదు, నా చెవులతో విన్నాను. లోట్స్ తృప్తిగా రాశాడు. మొదటిసారి ఎవరో నమ్మినందుకు కృతజ్ఞతగా కూడా ఉన్నాడు. కింద సంతకం పెట్టి, తేదీ వేసి, పెన్నుకి మూత పెట్టాడు.

ఫిలోమెనా ఆ కాగితం చింపి బ్రంబిల్లా చేతికిచ్చింది.

"ఇది మా గంట కాదు ఇన్‌స్పెక్టరు గారూ. తొర్రెకూపా గంట. ఈ చౌరస్తాలో వినపడదు. ఈ ఊళ్ళో ఏ ఇంట్లోనూ వినపడదు. అది వినపడి మాది వినపడని చోటు ఈ కొండలో ఒక్కటే ఉంది." జేబులోంచి రుమాలు తీసి ముడి విప్పింది. "ఇందాక నేనక్కడ మోకాళ్ళ మీద కూర్చుని ఇవి ఏరాను. మీరు నవ్వారు."

బ్రంబిల్లా కాగితం ఒకసారి చదివాడు, రెండోసారి చదివాడు. తర్వాత నెమ్మదిగా తలెత్తి లోట్స్ కాలికున్న కట్టు వైపు చూశాడు. లోట్స్ రుమాలులోని తొక్కల వైపు చూస్తున్నాడు. నిన్న పదీ లెక్కపెట్టిన వేళ్ళు మూత పెట్టిన పెన్నుని ఇంకా పట్టుకునే ఉన్నాయి.

జీపు డ్రైవరు ఈ ఊరివాడే. ఎవరూ చెప్పకుండానే ఇంజను ఆపేశాడు.